మేడ ఎక్కని యజమానురాలు

ఆసుపత్రి కుట్టుగదిలో చిరిగిన దుప్పట్లకు అతుకులు వేయడం ఆవిడ పని. ఇరవై రెండేళ్లుగా అదే కిటికీ, అదే మిషను. భర్త పోయిన ఏడాదే తమ్ముడు రెండంతస్తుల మేడ కొని, కింద వెనకగది ఆవిడకిచ్చాడు. రిజిస్ట్రారు ఆఫీసులో వేలు పెట్టి చూపించిన చోటల్లా ఆవిడ సంతకం చేసింది. "నీ పేరున ఉంటే నాకు ధైర్యం అక్కా" అన్నాడు తమ్ముడు. ఆ ఒక్క మాటకే పొంగిపోయింది.

తమ్ముడు కాంట్రాక్టరు. మాట తేనె, పిడికిలి మాత్రం విప్పడు. తను కట్టిన ఒక హాస్టలుకు వడ్రంగి చేత తలుపులూ మంచాలూ చేయించుకుని, డబ్బు రేపు మాపని ఏళ్లతరబడి తిప్పాడు. కాళ్లరిగిన వడ్రంగి చివరికి కోర్టుకెక్కి, బాకీ కట్టాలని డిక్రీ తెచ్చుకున్నాడు. తీరా వసూలుకు వెళ్తే తమ్ముడి పేరున చెంబు కూడా లేదు. మేడను జప్తు చేయమని అడిగితే, అది అక్కదంటూ ఆవిడ పేరున అర్జీ పడింది. కొన్న సొమ్ము తమ్ముడిదనీ, అక్క పేరుకే యజమానురాలనీ రుజువు చేసే బరువు వడ్రంగి నెత్తిన పడింది.

వారం రోజులు తమ్ముడు సాయంత్రాలు వచ్చి పాఠం చెప్పాడు. కుట్టుపని చేసి కూడబెట్టి కొన్నానని చెప్పాలి, అంతే. ఆవిడ తలూపింది. తోడబుట్టినవాడు, నీడ ఇచ్చినవాడు మరి.

ఆవిడ బోనెక్కాక వడ్రంగి లాయరు గొంతు పెంచలేదు. జీతమెంత, ఎలా కూడబెట్టావు అని అడిగాడు. నేర్చుకున్నదంతా అప్పజెప్పింది. అప్పుడాయన అడిగాడు:

"మేడమీద ఎన్ని గదులున్నాయమ్మా?"

ఆవిడ తలెత్తి చూసింది. ఎదురుగా బెంచీ మీద వడ్రంగి కూర్చుని ఉన్నాడు. చొక్కా కాలరు అరిగిపోతే తిరగేసి కుట్టించుకున్నాడు. మిషను కుట్టు కాదు, ఇంట్లో ఎవరో చేత్తో వేసిన కుట్టు. ఆవిడ చూపు దానిమీదే ఆగిపోయింది.

"నేనెప్పుడూ పైకెక్కలేదండీ" అంది. తర్వాత ఎవరూ అడక్కుండానే చెప్పింది. "కొన్నది మా తమ్ముడు. నేను సంతకం పెట్టానంతే. అద్దెలు వాడే తీసుకుంటాడు. నాకిచ్చింది వెనకగది. అది మాత్రం మనసారా ఇచ్చాడు, అదీ రాసుకోండి."

గుమాస్తా జడ్జిగారి వైపు చూశాడు. రాయమన్నారాయన.

ఆ మాటొక్కటే కాదు, మేడ అమ్మినవాడికి తమ్ముడి ఖాతా నుంచి వెళ్లిన చెక్కుల వివరాలు లాయరు ముందే తెప్పించి ఉంచాడు. మేడ తమ్ముడిదేనని కోర్టు తేల్చింది. వేలం తేదీ పడేసరికి, లేదు లేదన్న డబ్బు ఎక్కణ్నుంచో ఊడిపడింది. వడ్రంగి బాకీ వడ్డీతో సహా తమ్ముడు కట్టేశాడు.

గది ఖాళీ చేయమంటాడని ఆవిడ సామానంతా రెండు ట్రంకుల్లో సర్దుకుని కూర్చుంది. నాలుగు నెలలు ఎవరూ రాలేదు. ఒక ఆదివారం తమ్ముడే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నలుగురిలో నా తల తీసేశావక్కా."

"తీశాన్రా. అక్కడ నిలబడ్డాక అబద్ధం నోటికి రాలేదు."

అతను లోపలికి రాలేదు, పొమ్మనీ అనలేదు. పెరట్లో కుళాయి కారుతోందని, రేపు ప్లంబరును పంపుతానని చెప్పి వెళ్లిపోయాడు. ట్రంకులు విప్పడానికి ఆవిడకు ఇంకో వారం పట్టింది.