చల్లారిన చాయ్‌కి కాపలా

ఆనంద్ పాల్ సారు చాయ్ వేడిగా ఉన్నప్పుడు తాగేవారు కాదు, చల్లారాక అసలే తాగేవారు కాదు. చల్లారిన చాయ్ దానంతటదే మళ్లీ వేడెక్కుతుందేమోనని ఆబిడ్స్‌లోని ఇరానీ హోటల్లో కప్పు ముందు పెట్టుకుని కూర్చునేవారు. తొంభైల నాటి మాట. నాంపల్లిలో ట్యుటోరియల్ పెట్టి పిల్లలకి ఫిజిక్స్ చెప్పే మనిషి చేసే పనేనా ఇది?

జగన్మోహనరావుగారికి ఒళ్లు మండేది. ఆయన రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్. భార్య వసుమతి పోయాక లక్డీకాపూల్ ఇంట్లో తలుపేసుకున్నారు. గుర్తొస్తే తినడం, లేకపోతే లేదు. పరామర్శకొచ్చిన వాళ్లంతా ధైర్యం చెప్పి వెళ్లారు. ఆనంద్ పాల్ మాత్రం థర్మోడైనమిక్స్ రెండో సూత్రం తప్పని, కావాలంటే హోటల్‌కొచ్చి తన చాయ్ కప్పు చూడమని చెప్పి వెళ్లారు. మర్నాడే రావుగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆబిడ్స్‌లో దిగారు.

"వేడి ఎప్పుడూ చల్లటిదాంట్లోకే పోతుందండీ. సూత్రం అంటే సూత్రమే."

"సూత్రమేంది సార్? వట్టి అవకాశాల లెక్క. గాలిల ఉన్న వేడంతా మళ్ల గీ కప్పుల జొరబడొచ్చు."

"ఎప్పుడు?"

"గదే చూడాలె. నాకు క్లాసున్నది, జర మీరు కూసోన్రి. ఖాళీ కడుపుతోని కాపలా కాయొద్దు, బన్ను తినున్రి."

ఆయన్ని ఓడించాలన్న పట్టుదలతో రావుగారు రోజూ వచ్చి, తిట్టుకుంటూ బన్ను తినేవారు.

ఒకనాడు వాదనలో కొత్త పాయింటు తట్టి, ఆగలేక ట్యుటోరియల్‌కే వెళ్లారు. లోపల ఎవరో పిల్లాడు చల్లారిన చాయ్ మళ్లీ వేడవుతుందా అని అడుగుతున్నాడు.

"గది సూత్రమా, అవకాశమా అని పెద్ద పెద్దోళ్లు ఇంకా కొట్లాడుతున్నరు," అంటున్నారు ఆనంద్ పాల్. "చాయ్ మాత్రం వేడి కాదు. దానికోసం కూసునేటోడు పిచ్చోడు."

రావుగారికి చెప్పలేనంత కోపం వచ్చింది. సగం మెట్లు దిగేసరికి, తనని రోజూ ఇల్లు కదిలించడానికే ఆనంద్ పాల్ ఈ తంతంతా పెట్టారని అర్థమైంది. కళ్లు చెమర్చాయి. వెంటనే ఒక కొంటె ఆలోచన కూడా వచ్చింది.

మర్నాడు ఆనంద్ పాల్ చేతులు కడుక్కోవడానికి లేచారు. రావుగారి సైగతో సర్వర్ దుర్గయ్య కప్పు మార్చేశాడు. తిరిగొచ్చి ముట్టుకున్న ఆనంద్ పాల్‌కి వేలు చురుక్కుమంది.

"ఏంది, వేడిగున్నది?"

"దానంతటదే వేడెక్కింది. నేను చూస్తూనే ఉన్నాను. ఓడిపోయానండీ."

ఆనంద్ పాల్ దుర్గయ్య వంక చూశారు. దుర్గయ్య ఫ్యాను వంక చూశాడు.

"అయితే... రేపటికెల్లి మీరు రారా?" గెలిచిన మనిషి మొహం చిన్నబోయింది.

"ఒక్కసారి చూస్తే రుజువవుతుందా? రేపు మళ్లీ చూడాలి. మీరే ఆలస్యం చేయకుండా రండి."

ఆనంద్ పాల్ సారు కప్పెత్తి, ఆ హోటల్లో మొదటిసారి, చాయ్ వేడిగా తాగారు.