రాజక్క ఎడమచేతి ముడి

ఈ పొద్దున మా గిఫ్టు కంపెనీలో పని ఆగిపోయింది. కోవిల్‌పట్టిలో దీపావళి పెట్టెలు కట్టే రోజులివి, టీ తాగడానికే తీరికుండదు. అయినా ఆడవాళ్లంతా బల్లను వదిలి గోడవారకు జరిగి నిలబడ్డారు.

ఒక పెట్టె మీద రిబ్బను ముడి ఎడమవైపుకి తిరిగి ఉంది. మా దగ్గర అలా కట్టేది ఎడమచేతివాటం రాజక్క ఒక్కతే. కూలి ఎక్కువని నిరుడు వెంబకోట్టైలో బాణసంచా పనికి వెళ్లి, అక్కడి పేలుడులో పోయింది.

“ఎవరు కట్టారమ్మా?” అన్నాను.

“మేమెవురమూ కట్టలేదన్నా. ఇది రాజక్క ముడే దా,” అంది పాపమ్మ.

“దయ్యమూ లేదు, పేయీ లేదు. విప్పి మల్లా కట్టండి!” మేనేజరు కసిరాడు.

“నువ్వే విప్పు సారూ, చూస్తాం,” అంది పాపమ్మే.

ఆయన చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు.

దయ్యాల్లేవని ఇరవయ్యేళ్లుగా మీటింగుల్లో గొంతు చించుకుంటున్నవాణ్ణి. పాత పెట్టేమోనని చూశాను. రిబ్బను నిన్న తెరిచిన చుట్టలోదే. నా చెయ్యీ ముందుకు పోలేదు.

ముడికి ఇంత భయపడ్డాం. పేలుడుమందు గదికి బయట గడియ పెట్టి రాజక్కతో పనిచేయించిన ఆ బాణసంచా యజమానికి మాత్రం ఊరంతా వణక్కం పెడుతుంది! ఆయన ఇంటికీ మా పెట్టె వెళ్తుంది. చిరునామా చీటీలు అంటించేది నేనే. ఆయన చీటీ ఆ పెట్టెకే అంటించాను.

దయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. కానీ ఆ ముడి ఆయనే తన చేత్తో విప్పాలి. ఆ పెట్టె మీ ముందుంటే మీరు విప్పేవారా, చెప్పండి.