ఈరమ్మక్క క్రీము డబ్బా

మా ఫార్మసీ కాలేజీ సర్వే కోసం ఈ రోజు ఎమ్మిగనూరులో ఒక మెడికల్ షాపు ముందు కూర్చున్నాను. బీపీ ఉన్నవాళ్లు మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారో లేదో కనుక్కోవాలి. గోనెగండ్ల నుంచి వచ్చిన ఈరమ్మక్క, కూలిపనులు చేసే మనిషి, "దినామూ ఏసుకుంటాండా" అంది. నాకు నమ్మకం కలగక షీటు చూపించమన్నాను. నెల కిందట కొన్న షీటులో రెండే మాత్రలు ఖాళీ.

షీటుతో పాటు సంచిలోంచి ముఖానికి రాసే 'నేచురల్' క్రీము డబ్బా బయటపడింది. దాని మీద తయారుచేసినవాళ్ల పేరే లేదు. రెండు పూటలా తప్పకుండా రాస్తుందట. ఆపితే ముఖం ఎర్రబడి మండుతుందట. అందులో స్టెరాయిడ్ కలిపారేమోనని నాకు భయం పట్టుకుంది.

"మాత్ర మర్చిపోతావు, ఇదెట్లా గుర్తుంటుందక్కా?"

"ఇది పూసుకుంటే అద్దంలో కనపడతాది పాపా. మాత్ర పనిసేసేది యాడ కనపడతాది?"

షాపాయన బీపీ మిషన్ తీసుకుని ఆమె చేతికి కట్టాను. అంకె చాలా ఎక్కువగా వచ్చింది. "మిషను సెడిపోయిందేమో" అంది. షాపాయన చేతికి కడితే మామూలుగానే చూపించింది. అప్పుడు నీళ్లడిగి మాత్ర మింగింది, రేపు డాక్టరు దగ్గరికి పోతానంది.

పరీక్ష చేయడానికి కొంచెం క్రీము ఇమ్మన్నాను. నా ముఖం తేరిపార చూసి డబ్బా సంచిలో దాచుకుంది.

"పరీచ్చకు కాదులే, నువ్వు పూసుకునేకే అడుగుతాండావు!"

నా ముఖం అంత అధ్వానంగా ఉందా? ఆ సంగతి వదిలేసి, మీ ఇంట్లో క్రీము డబ్బా మీద ఎవరి పేరుందో చూసి చెప్పండి.