ఆశన్న చెప్పిన పూరీల హోటలు

ఆశన్న దినాల నాడు పొలం గట్టు మీద విస్తరి పరిచి, అందరూ దూరం జరిగి నిలబడ్డారు. పిట్టకు పెట్టడమంటే పోయిన మనిషి ఇష్టంగా తిన్నవన్నీ పెట్టాలి. మాంసం కూర పెట్టారు, గారెలు పెట్టారు, కల్లు పోశారు, బీడీ కట్ట కూడా మరిచిపోలేదు. కాకి వచ్చింది. మెడ వంచి చూసింది. ముట్టకుండానే ఎగిరిపోయింది. ఎండ నెత్తికెక్కేదాకా కాచుకుని, విస్తరిని కాలువలో వదిలి ఇంటికొచ్చారు.

"ఏందో మర్శిపోయినం," అన్నాడు తమ్ముడు పండరి.

ఆ మాట ఆశన్న భార్య భూమవ్వకు ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. మరిచిపోయిందేమిటో తనకు తెలుసు అనుకుంది. పట్నం పూరీలు.

ఆశన్న మోటరు సామాన్ల కోసం బాన్సువాడలో బస్సెక్కి హైదరాబాదు పోయేవాడు. తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటూనే మొదలుపెట్టేవాడు. "బస్టాండు ఎదురుంగ హోటలున్నదే. గోడ నిండ అద్దం. పైన పంకలు గిర్రగిర్ర తిరుగుతయి. పూరీ గుమ్మడికాయ లెక్క పొంగుతది!"

"దేనితోటి తింటరు?" అని భూమవ్వ అడిగేది.

"నేన్ జెప్ప. నిన్ను తోల్కపోత, నువ్వే చూద్దువు," అని నవ్వేవాడు.

పిల్లలు లేని ఇల్లు. బర్రెలు, నాట్లు, చెరుకు. ఎప్పటికప్పుడు ఏదో అడ్డం పడేది. ఇంతలో మనిషే పోయాడు.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో ఆశన్న సంవత్సరీకం దగ్గరపడింది. పండరి మోటరు సామాన్లకు పట్నం పోతానంటే భూమవ్వ తానూ వస్తానంది. ఆ సాయంత్రం వాకిట్లో కూర్చుని తిండి సంగతి మాట్లాడుకున్నారు.

"పొద్దుగాల బస్సెక్కితే పగటాల్లకు దిగుతం. సద్ది కట్టుకుందాం వదినె. సామాన్లు కొనే కిషన్‌లాల్ సేటు దుకాణం కాడ తిందాం. నీడున్నది, నీళ్లిస్తరు. హోటల్ల తింటె కడుపు ఖరాబైతది," అన్నాడు పండరి.

"హోటల్లనే తినాలె. మీ అన్న చెప్పిన హోటల్ల."

పండరి భార్య గంగామణి చేట పక్కన పెట్టింది. "ఏడాది నిండకముందే పట్నం పోయి పూరీలు తిన్నదని ఊరంత అనరా, అక్కా?"

"అననియ్. నా నోటి కోసం పోతలేను. మీ బావకు తెచ్చెతందుకు పోతున్న. పిట్ట ముట్టకపాయె. గప్పటి సంది నాకు నిద్ర పడ్తలేదు."

గంగామణి లేచి లోపలికి పోయి, మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి తెచ్చి తోడికోడలి ఒడిలో పెట్టింది. "గిండ్ల పెట్టుకరా. పూరీలు మెత్తగైతయి, ఏంజేస్తం."

తెల్లవారకముందే లేచిన భూమవ్వ, హోటల్లో తింటామని తెలిసీ, పెనిమిటి పట్నం పోయినప్పుడల్లా కట్టిచ్చిన చేతి అలవాటు కొద్దీ నాలుగు జొన్నరొట్టెలు చేసి, వెల్లిపాయ కారం వేసి, ఆశన్న సద్ది గుడ్డలోనే కట్టింది.

గౌలిగూడ బస్టాండులో బస్సు దిగి రోడ్డు మీదికి రాగానే పండరి చూపించకముందే ఆమె పోల్చుకుంది. అద్దం, పంకాలు, వాకిట్లోనే పెద్ద కడాయి, అందులో పొంగుతున్న పూరీలు. అన్నీ ఆయన చెప్పినట్టే. కొంగు నిండా కప్పుకుని లోపలికి వెళ్లి కూర్చుంది.

పళ్లేలు వచ్చాయి. పండరి పూరీ ముక్క కూరలో అద్ది నోట్లో పెట్టుకుని మొహం వికారంగా పెట్టాడు. "ఏందిది, ఆలుగడ్డ కూరల చక్కెర పోసిండ్రు!"

భూమవ్వ చెయ్యి ఆగిపోయింది. కూరలో రవ్వంత తీపి తగిలినా గిన్నె నెట్టేసే మనిషి ఆశన్న. ఇటువంటి కూర తిని ఉంటే ఇంటికొచ్చి ఒక్కనాడైనా తిట్టకుండా ఉంటాడా?

తలెత్తి వాకిలి వైపు చూసింది. రోడ్డుకు అవతల మూసిన దుకాణం అరుగు మీద పల్లెటూరి వాళ్లు సద్దులు విప్పుకుని తింటున్నారు. అక్కడ కూర్చుంటే అద్దం కనబడుతుంది. పంకాలు కనబడతాయి. పొంగే పూరీ కనబడుతుంది. కూర రుచి మాత్రం తెలియదు.

"పండరీ, మీ అన్న సద్ది గుడ్డ ఎన్నడన్న రొట్టెతోటి వాపసొచ్చిందా?"

"లే వదినె. ఉత్త గుడ్డనే వస్తుండె."

"కడుపు నిండ పూరీలు తిన్నోడు నాలుగు రొట్టెలు యాడ పెడ్తడు?"

పండరి నమలడం ఆపాడు. "అన్న లోపటికి రానే రాలేదా?"

"నన్ను ఇడిశిపెట్టి రాలె," అంది భూమవ్వ. కళ్లు నిండిపోయాయి, పెదవుల మీద నవ్వు కూడా వచ్చింది. "తిను, సల్లారిపోతది."

తీపి కూరతో సహా పళ్లెం ఖాళీ చేసింది. ఆశన్న వంతూ తన వంతూ తానే రుచి చూడాలన్నట్టు నిదానంగా తిన్నది.

"డబ్బల పెట్టియ్యమందునా?" అన్నాడు పండరి.

"వద్దు. గాయన తినేది గిది కాదు."

సంవత్సరీకం నాడు గట్టు మీద మళ్లీ విస్తరి పరిచారు. "పూరీలేవి అక్కా?" అని గంగామణి అడిగింది. భూమవ్వ సద్ది గుడ్డలో నాలుగు జొన్నరొట్టెలు, వెల్లిపాయ కారం, ప్రయాణానికి కట్టినట్టే కట్టి తెచ్చింది. ఒక చేత్తో విప్పుకోవడానికి ఆయనకు వీలుగా ఎప్పుడూ ముడి వదులుగా వేసేది. ఇప్పుడూ అలాగే ఉన్న ముడిని విప్పి విస్తరి మధ్యలో పెట్టింది.

అందరూ దూరం జరిగారు. ఆమె వెంటనే లేవలేదు. విస్తరి వైపు వంగి, పక్కనున్న మనిషికి చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"ఇగో, ఇంటున్నవా? ఆలుగడ్డ కూరతోటి తింటరు. చక్కెర పోస్తరు. నువ్వు తినకపోయిందే మంచిగైంది."