వాగు ఒడ్డున తప్పు దెబ్బ

మొన్న పాల్వంచలో ఒక పెండ్లికి పోతే, ఎవరో ఫోన్ మీద వేలు జరిపినకొద్దీ డోలు దెబ్బ మారుతుండటం చూసి నా గుండె ఒక్కసారి ఆగి నడిచింది. కంప్యూటర్ పెడితే మంచం కుంగిపోయిన కాలం మీలో కొందరికైనా యాదుండాలి. అప్పుడే కొలువులో చేరిన నేను, రాసిన అక్షరాలను మోతగా మార్చే ఒక ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని, బ్రహ్మదేవుడికి సగం పని తగ్గించినంత గర్వంగా తిరిగేవాణ్ణి.

భద్రాచలం అడవి అంచున మా పెదనాన్న ఊళ్లో, పెండ్లికొడుకు వాళ్లు వాగు అవతల ఆగాలి, ఇవతల డోలు మీద పిలుపు దెబ్బ పడితేనే దాటాలి. ఊరికంతా ఆ దెబ్బ వేసే పెదనాన్న, సరిగ్గా తన బిడ్డ పెండ్లికి ముందు బండి మీది నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆయన నోటితో పలికి చూపించిన దెబ్బలను నేను కంప్యూటర్‌కు నేర్పాను. మీట నొక్కి ఉంటే పిలుపు దెబ్బ, లేకుంటే ఊళ్లో ఎవరైనా పోతే వేసే చావు దెబ్బ. ఒక్క దెబ్బతో సరిపెడితే నా గొప్పతనం ఎవరికి తెలుస్తుంది?

అవతల ట్రాక్టర్లు ఆగాయి. నేను మోత మొదలుపెట్టి, ఆ తర్వాత మీట నొక్కాను. మైకులోంచి చావు దెబ్బ అడవి దద్దరిల్లేలా లేచింది. మీట భూమిలోకి దిగేలా నొక్కినా మారలేదు. నేను రాసిన తీరుకు అది మోత మొదలయ్యేటప్పుడు ఒక్కసారే నొక్కి ఉందా లేదా అని చూసుకుంటుంది, ఆపైన దేవుడు దిగొచ్చి నొక్కినా వినదు. వైరు పీకేశాను. అవతల ఒక ట్రాక్టరు అప్పటికే వెనక్కి తిరుగుతోంది. ఆ దెబ్బ విని మళ్లిపోయిన పెండ్లి మళ్లీ కుదరదు. పందిట్లోంచి పరుగెత్తుకొచ్చిన పెండ్లికూతురు, మా చెల్లె, నా చొక్కా పట్టుకుంది.

పెండ్లికొడుకు తండ్రి అవతల నీళ్ల అంచుకొచ్చి నిలబడి మా పెదమ్మను కేకేశాడు.

"చెల్లె, మీ ఇంట్ల ఎవలు పోయిండ్రు?"

మా పెదమ్మ గరిటె పట్టుకునే వచ్చింది. "మా పుంజు పోయిందన్నా. పొయ్యి మీదుంది. జల్దీ వచ్చి మీరే సాగనంపాలె."

ఆయన నవ్వడానికి పట్టిన కాసేపట్లో నాకు సగం జుట్టు నెరిసింది. నవ్వి, పంచె ఎగ్గట్టి, నీళ్లలో దిగాడు.

ఇప్పుడు ఆ వాగు మీద వంతెన ఉంది. ప్రోగ్రాములు కూడా క్షణక్షణం చూసుకుంటాయి, తప్పు దెబ్బ పడదు. పడినా, కారు అద్దాలెత్తుకుని లోపల తమ పాట తాము పెట్టుకుని వచ్చే వియ్యంకులకు అది వినపడదు. ఎవలు పోయిండ్రని అడగరు.