పెదనాన్న ప్రూఫు చూసిన డాక్టర్లు

అచ్చులో తప్పు కనబడితే మా పెదనాన్నకు అన్నం సహించదు. ముప్పై ఆరేళ్ళు ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దారు. రిటైరయ్యాక ప్రెస్సు ఆయన్ని వదిలింది గానీ, ఆయన తప్పుల్ని వదల్లేదు. హోటలుకు వెళితే ముందు మెనూ కార్డు దిద్ది, ఆ తర్వాతే ఆర్డరు చెబుతారు. ఒకసారి ఎవరో పెళ్ళి కార్డు తెచ్చి చేతిలో పెడితే, వాళ్ళ ఎదురుగానే ఎర్ర పెన్ను తీసి ఏడు తప్పులు దిద్ది, "బాగుంది, ఇంకో ప్రూఫు తీసి చూపించండి" అని తిరిగి ఇచ్చేశారు. పెళ్ళేమో ఆ మర్నాడే.

ఆ ఏడాది నాకు నిద్ర పట్టడం మానేసింది. బడిలో లెక్కలు చెబుతాను. బోర్డు మీద సగం లెక్క వేసి, మిగతా సగం ఎందుకు వెయ్యాలో తెలియక అలాగే నిలబడిపోయేదాన్ని. మేం ఎప్పుడూ వెళ్ళే డాక్టరు పరీక్షలన్నీ చేయించి, "ఒంట్లో ఏమీ లేదమ్మా. మానసిక వైద్యులకు చూపించుకోండి. ఆలస్యం మాత్రం చేయకండి" అన్నారు.

బడివాళ్ళు ఇచ్చిన ఇన్సూరెన్సు ఉంది. కాకపోతే వాళ్ళ జాబితాలో ఉన్న డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. జాబితాలో ముప్పై ఒక్క పేర్లు. అక్కడక్కడా ఏరి నలుగురికి ఫోన్ చేశాను. ఇద్దరు ఎత్తలేదు, ఒకరు ఊరు మారిపోయారు, నాలుగో ఫోన్‌లో ఎవరో తిట్టారు. కాగితం బల్ల మీద పడేసి మంచమెక్కాను.

మూడోరోజు పెదనాన్న వచ్చారు. నన్ను చూశారు. బల్ల మీది కాగితాన్ని చూశారు. కళ్ళజోడు సర్దుకున్నారు.

"'మాసనిక వైద్యులు' అట! శీర్షికలోనే తప్పు! లోపల ఇంకెన్ని ఉన్నాయో!"

"అదంతా తప్పే పెదనాన్నా. ఒక్క నంబరూ పనిచెయ్యదు."

"అన్నీ తప్పులే ఉన్న ప్రూఫా?" అన్నారు, ఎవరో విందుకు పిలిచినంత సంబరంగా. కుర్చీ లాక్కుని ఫోన్ అందుకున్నారు.

మొదటి నంబరుకు మెకానిక్ పలికాడు.

"బాబూ, మీ నంబరు మానసిక వైద్యుల జాబితాలో ఉంది."

"నాకు ఆ వైద్యమే కావాలంటుందండీ మా ఆవిడ!"

రెండో ఆయన పళ్ళ డాక్టరు. మూడో చోట కొత్త పేషెంట్లను తీసుకోవడం లేదన్నారు. "పాతబడ్డాక తీసుకుంటారా?" అని అడిగారు పెదనాన్న. అయిదో ఆయన పోయి నాలుగేళ్ళయిందట. వాళ్ళావిడను ఇరవై నిమిషాలు పరామర్శించి, పేరు పక్కన చిన్న అక్షరాలతో 'కీ.శే.' అని చేర్చారు. పన్నెండో ఆయన ఈ ఇన్సూరెన్సు మానేశారట. పద్నాలుగో నంబరూ పంతొమ్మిదో నంబరూ ఒకే డాక్టరివి. ఆయన రెండింట్లోనూ లేరు.

మధ్యలో ఒళ్ళు మండి ఇన్సూరెన్సు ఆఫీసుకే ఫోన్ చేశారు.

"సర్, మా రికార్డు ప్రకారం అయిదో డాక్టరుగారు అందుబాటులో ఉన్నారు" అంది అక్కడి అమ్మాయి.

"తల్లీ, ఆయన అందుబాటులో ఉన్న చోటికి మా అమ్మాయిని ఇప్పట్లో పంపే ఉద్దేశం నాకు లేదు."

పక్కగదిలోంచి విని నవ్వాను. నవ్వి ఎన్నాళ్ళయిందో గుర్తురాలేదు.

వరుసగా నాలుగు రోజులు వచ్చారు. "నీకేమైంది?" అని ఒక్కసారీ అడగలేదు. తలుపు తీయగానే "ఇవాళ పదహారునుంచి" అనేవారు, అంతే. ఎవరైనా జాలిపడితే భరించలేని రోజులవి. ఒక ముసలాయన తన పిచ్చికొద్దీ కాగితం దిద్దుకుంటుంటే మాత్రం నాకేం ఇబ్బంది లేకపోయింది.

ఇరవై ఆరో నంబరుకు ఒక డాక్టరమ్మే స్వయంగా ఫోన్ ఎత్తారు. ఇన్సూరెన్సు తీసుకుంటామన్నారు. పెదనాన్న నమ్మలేక మూడుసార్లు అనిపించారు. పదకొండో తారీఖు, పదిన్నరకు.

"హమ్మయ్య, దొరికారుగా. ఇంక ఆపండి" అన్నాను.

"ప్రూఫు మధ్యలో ఆపేస్తారా ఎవరైనా?" అని ఇరవై ఏడుకు ఫోన్ కలిపారు.

పదకొండో తారీఖున వెళ్ళాను. ఆవిడ నిదానంగా విన్నారు. మందు రాశారు. రెండోసారి మందు మార్చారు. మూడో నెల ఒక పొద్దున కళ్ళు తెరిచేసరికి ఏడున్నర! బడికి ఆలస్యమైందని అంత సంతోషించిన టీచరు ఇంకొకతె ఉండదు.

ఆ వారమే, మొదట పరీక్షలు చేయించిన మా డాక్టరుగారికి కబురు చెప్పి పోదామని వెళ్ళాను. నా ముందు నిలబడ్డావిడ కళ్ళు వాచిపోయి ఉన్నాయి. కౌంటరు దగ్గరి నర్సు ఆవిడ చేతికో జిరాక్సు కాగితం ఇస్తూ, "ఇన్సూరెన్సు వాళ్ళది నమ్మకండి, ఇది చూడండి" అంది. తొంగి చూశాను. పెదనాన్న దస్తూరీ! ముప్పై ఒక్కమందిలో బతికున్నవాళ్ళూ, పలికేవాళ్ళూ, ఇన్సూరెన్సు తీసుకునేవాళ్ళూ కలిసి ఆరుగురు. ఇరవై ఆరు ఎదురుగా, 'ఏడ్చినా ఫోన్ పెట్టెయ్యరు' అని రాసి ఉంది. ఆవిడతో ఫోన్‌లో మాట్లాడింది పెదనాన్న ఒక్కరే; నా కోసం ఏడ్చింది ఎవరో అప్పుడు అర్థమైంది. అన్నిటికన్నా కింద, 'ఫోన్లు చేసే ఓపిక లేనివారు ఈ నంబరుకు ఒక్క ఫోన్ చేయండి. మిగతావి నేను చేస్తాను' అని ఉంది. ఆ నంబరు పెదనాన్నది.

అటునుంచి అటే వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన ఫోన్ చెవికి ఆనించుకుని, కూర్చోమని సైగ చేశారు. "అబ్బాయికి పంతొమ్మిదేళ్ళండీ... లేదండీ, మా బంధువు కాదు" అంటున్నారు అవతలివాళ్ళతో.

పెద్దమ్మ టీ తెచ్చి నా చేతిలో పెట్టి, గొంతు తగ్గించింది.

"పొద్దస్తమానం ఇదే పని తల్లీ. ఈ మనిషి ఫోన్ ఎవరిదో కూడా చూసుకోరు. మొన్న మా చెల్లెలు 'ఊళ్ళోకొచ్చాం, ఓ వారం ఉంటాం' అని ఫోన్ చేస్తే, 'చాలా సంతోషమమ్మా, ఇన్సూరెన్సు తీసుకుంటారా?' అని అడిగారు."