నడిచొచ్చి ఇయ్యాల

పుత్తూరు నర్సమ్మ కన్నుమూశారని సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. నాకు ఏడుపు రాలేదు. ముందుగా ఆమె చేత తిన్న చీవాట్లు గుర్తొచ్చాయి.

ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, నలుగురు ఇరుగుపొరుగు వాళ్లతో కలిసి తన ఇంటి ముందుగదిలో ఒక సంఘం పెట్టారు. విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడినుంచో పుత్తూరు వస్తారు కదా, వాళ్లకు వాకర్లు, చంకకర్రలు ఉచితంగా ఇచ్చేవారు. "కట్టు కట్టేవాళ్లది, నడక మనది" అనేవారు. షరతు ఒక్కటే. తీసుకున్న మనిషే నడిచొచ్చి తిరిగివ్వాలి.

వడమాలపేటలో మా అమ్మ జారిపడి తొడ ఎముక విరిగింది. కట్టు విప్పినా మంచం దిగలేదు. "ఇంక నా నడక అయిపాయ" అంది. సంఘం ఇచ్చిన వాకర్ మీద తువ్వాళ్లు ఆరేసేవాళ్లం. చివరికి, వేరేవాళ్లకైనా పనికొస్తుందని దాన్ని స్కూటర్ మీద పెట్టుకుని, పెద్ద ధర్మాత్ముడిలా పుత్తూరు వెళ్లాను.

"నువ్వేమప్పా తెచ్చింది? ఆయమ్మ యాడ?" అన్నారు నర్సమ్మ.

"ఆమె ఇంక నడవదమ్మా."

"నువ్వు సెప్తే అయిపోయిందా? తీసకపో. ఆయమ్మే నడిచొచ్చి ఇయ్యాల."

నాకు ఒళ్లు మండింది. సేవ చేసేవాళ్లకు ఇంత పెత్తనమేమిటనుకున్నాను. ఆ ఆదివారమే ఆమె బస్సెక్కి మా ఇంటికి వచ్చి, అమ్మ మంచం పక్కన కూర్చున్నారు.

"అక్కా, ఇది నీకు దానమిచ్చింది కాదు. సంఘం సొత్తు. నీ వెనకాల ఇంకొకరు కాచుకోనుండారు. లెయ్."

ఒకరి సొమ్ము ఉంచుకోవడమంటే అమ్మకు తలకొట్టేసినట్టుంటుంది. తిట్టుకుంటూ లేచింది. ఆ రోజు గడప దాకా, ఇంకో ఆదివారం కొళాయి దాకా. నర్సమ్మ ఒక్క వారమూ మానలేదు. ఇచ్చి మరిచిపోతే దానం, ఇచ్చి వెంటపడితే సంఘం అని నాకప్పుడు తెలిసింది.

నాలుగు నెలలకు అమ్మ పుత్తూరులో బస్సు దిగింది. వాకర్ నేను పట్టుకోబోతే ఇవ్వలేదు. మడిచి చంకలో పెట్టుకుని, కొంచెం కుంటుతూ, బజారంతా చూసేలా నడిచింది. నాకు కళ్లు తిరిగేంత గర్వం. నర్సమ్మ దాన్ని తలకిందులు చేసి చూశారు.

"రబ్బర్లు బాగా అరిగిపోయినాయి. మంచిదే" అన్నారు. అంతకుమించి మెచ్చుకోలేదు.

మంగళవారం ఆమెను చర్చి నుంచి సమాధుల తోటకు తీసుకెళ్లారు. ఊరి చివర, దూరమే. నడవలేనివాళ్ల కోసమని సంఘం వాళ్లు ఒక వ్యాన్ పెట్టారు. పెట్టె వెనకే అమ్మ నడిచింది. ఆమె వెనక ఎక్కడెక్కడి ఊళ్లవాళ్లో, ఒకప్పుడు కాళ్లు విరిగినవాళ్లు, కుంటుతూ, ఆగుతూ, మళ్లీ అడుగేస్తూ. పెట్టె మోసేవాళ్లు వాళ్ల కోసం అడుగు తగ్గించారు. తలుపులు తెరుచుకుని వ్యాన్ ఖాళీగా వెనకే వచ్చింది.